పైగేమ్ 2 తోలుబొమ్మకు వెలుగు పట్టించగలదా? ఒక డీటీపీ పనివాడి సమీక్ష

పైథాన్ భాషలో కంప్యూటర్ ఆటలు రాయడానికి వాడే పైగేమ్ 2ను నేను ఒక్క పని కోసమే తీసుకున్నాను, ఆ ఒక్క పని మీదే తీర్పు చెబుతాను. బొమ్మలోని ఒక్కో పిక్సెల్ వెనక ఉన్నదాన్ని ఎంత కనబడనివ్వాలో, ఎంత కప్పాలో నిర్ణయించే అధికారం అది నా చేతికి ఇస్తుందా లేదా? శబ్దాలు, కీబోర్డు, జాయ్‌స్టిక్ సంగతి ఇక్కడ ఉండదు. అవి బాగానే పనిచేస్తాయి, అంతకు మించి వాటి మీద నాకు అభిప్రాయం లేదు.

అనంతపురంలో నాది డీటీపీ పని. పెళ్లి కార్డులు, ఫ్లెక్సులు, కరపత్రాలు, ప్రథమ వర్ధంతి ఫోటోలు. మా పనిలో సగం కటింగే: మనిషిని వెనక గోడ నుంచి విడదీసి వేరే బ్యాక్‌గ్రౌండ్ మీద కూర్చోబెట్టడం. ఎవరు ఎంత పనిమంతులో జుట్టు అంచు చూస్తే తెలిసిపోతుంది. అందుకే పారదర్శకత అన్నమాట వినగానే నేను ముందు అంచులే చూస్తాను. పైథాన్ ఈమధ్య నేర్చుకున్నదే, అదీ కాలేజీలో చదువుతున్న మా మేనల్లుడి పుణ్యమా అని.

చేయాలనుకున్నది ఒక చిన్న ఆట. తెర మీద హనుమంతుడు లంకలో తిరుగుతాడు, రాక్షసులు బాణాలు వేస్తారు, చివరకు లంక కాలుతుంది, మధ్యమధ్య కేతిగాడు వచ్చి నవ్విస్తాడు. బొమ్మలన్నీ తోలుబొమ్మల తీరులోనే ఉండాలి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట మాకు మరీ దూరం కాదు. 2020లో పద్మశ్రీకి ఎంపికైన దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. అక్కడి బొమ్మను చేత్తో పట్టుకుని వెలుగుకు ఎదురుగా పెట్టి చూసినవారికి ఒక విషయం తెలుస్తుంది. మేకతోలును గీకి గీకి పలచన చేస్తారు, రెండు వైపులా రంగులు వేస్తారు, నగల కోసం సన్నని రంధ్రాలు కొడతారు. కాబట్టి ఒకే బొమ్మలో మూడు రకాల చోట్లు ఉంటాయి. రంధ్రంలో దీపం నేరుగా కనిపిస్తుంది. పలచని తోలులో రంగై కనిపిస్తుంది. తోలు మందంగా ఉన్నచోట, నల్లగీత వేసినచోట దాదాపు ఆగిపోతుంది. ఆటకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్ ఈ మూడింటినీ ఒకే బొమ్మలో పలికించాలి. నా పరీక్ష ఇదే.

పైగేమ్ ధర ముందు చెప్పేస్తాను: ఉచితం. 2000వ సంవత్సరంలో పీట్ షిన్నర్స్ మొదలుపెట్టాడు. అడుగున ఎస్‌డీఎల్ అనే సీ భాషా లైబ్రరీ ఉంటుంది, దాని మీద పైథాన్ తొడుగు ఇది. సరిగ్గా ఇరవయ్యో పుట్టినరోజున, 2020 అక్టోబరు 28న, రెండో వెర్షన్ వచ్చింది. అడుగున ఉన్న ఎస్‌డీఎల్ కూడా మొదటి తరం నుంచి రెండో తరానికి మారింది. పారదర్శకత కావాలనుకునేవారికి ఈ మార్పే ముఖ్యం, ఎందుకో కింద వస్తుంది. నా కంప్యూటర్ విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని పాత ల్యాప్‌టాప్, ర్యామ్ 4 జీబీ. అందులో ఇబ్బంది లేకుండా ఇన్‌స్టాల్ అయింది.

పైగేమ్‌లో బొమ్మను సర్ఫేస్ అంటారు. ఒక సర్ఫేస్‌ను మరోదాని మీద అచ్చేయడం బ్లిట్. అచ్చేసేటప్పుడు వెనకది కనబడనివ్వడానికి మూడు దారులున్నాయి. మొదటిది కలర్‌కీ: ఫలానా రంగు ఎక్కడున్నా దాన్ని వదిలేయ్ అని చెప్పడం. రెండోది బొమ్మ మొత్తానికి ఒకే ఆల్ఫా, అంటే ఎంత కప్పాలో చెప్పే అంకె: అంతా సగం కనబడాలి, లేదా పావు వంతు కనబడాలి. మూడోది ఒక్కో పిక్సెల్‌కు దాని సొంత ఆల్ఫా. పాత పైగేమ్‌లో రెండోదీ మూడోదీ కలిసేవి కావు. పిక్సెల్ ఆల్ఫా ఉన్న బొమ్మకు మొత్తం ఆల్ఫా ఇస్తే దాన్ని పట్టించుకునేదే కాదు. రెండో వెర్షన్‌లో రెండూ కలిసి పనిచేస్తాయి. అంచులు మెత్తగా ఉన్న హనుమంతుడు మెల్లగా మాయమవ్వాలంటే ఇప్పుడు ఒక్క లైను చాలు. పాత పుస్తకాల్లో, పాత వీడియోల్లో దీనికోసం చెప్పే తంటాలన్నీ ఇప్పుడు అనవసరం. వాటిని చూసి నేర్చుకుంటున్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కలర్‌కీ గురించి ఎక్కువ చెప్పను. ఎవరూ వాడని మెజెంటా, అంటే 255, 0, 255, బ్యాక్‌గ్రౌండ్‌గా నింపి దాన్ని వదిలేయమనడం పాత ఆటల పద్ధతి. పిక్సెల్ ఉంటుంది లేదా ఉండదు, మధ్యస్థం లేదు. గళ్లగళ్లుగా కనిపించే పాతకాలపు పిక్సెల్ బొమ్మలకు అది చక్కగా సరిపోతుంది, తేలిక కూడా. జేపెగ్ బొమ్మకు మాత్రం వాడకండి. జేపెగ్ కుదింపులో రంగు కాస్త అటూఇటూ అవుతుంది, 255 కాస్తా 253 అయితే ఆ పిక్సెల్ మెజెంటాగానే తెర మీద మిగులుతుంది. తోలుబొమ్మకు ఈ దారి ఎలాగూ పనికిరాదు.

మిగిలింది పిక్సెల్ ఆల్ఫా. ప్రతి పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలతో పాటు 0 నుంచి 255 వరకు నాలుగో అంకె. 0 అయితే లేనట్టే, 255 అయితే పూర్తిగా కప్పేస్తుంది. మధ్యలో ఏదైనా అయితే పై రంగులో ఆ మేరకు, కింది రంగులో మిగతా మేరకు తీసుకుని కలుపుతుంది. ఈ ఆలోచన ఆటల కోసం పుట్టింది కాదు. 1970ల చివర న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆల్వీ రే స్మిత్, ఎడ్ క్యాట్‌మల్ దీన్ని రూపొందించారు. 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ దానికి లెక్క కట్టి పెట్టారు. ఇప్పటికీ అందరూ వాడేది ఆ లెక్కే. 1996లో పీఎన్‌జీ ఫార్మాట్ వచ్చాక ఆ నాలుగో అంకె మామూలు ఫైళ్లలోకి దిగింది. అంతకుముందు జిఫ్‌లో ఒకే ఒక్క రంగును మాయం చేయగలిగేవాళ్లం, అంతే.

పైగేమ్‌లో పీఎన్‌జీని తెరిచాక కన్వర్ట్ ఆల్ఫా అనే పిలుపు తప్పనిసరిగా ఇవ్వాలి. తెరకు తగ్గ అమరికలోకి అది బొమ్మను ముందే మార్చి పెడుతుంది. ఇవ్వకపోయినా బొమ్మ కనిపిస్తుంది కాబట్టి చాలామంది వదిలేస్తారు. అప్పుడు ప్రతి ఫ్రేములోనూ ఆ మార్పు మళ్లీమళ్లీ జరిగి ఆట నత్తనడక నడుస్తుంది. పొరపాటున ఆల్ఫా మాట లేని వట్టి కన్వర్ట్ వాడితే నాలుగో అంకె పోయి, బొమ్మ చుట్టూ దీర్ఘచతురస్రం కనిపిస్తుంది. పైగా ఈ పిలుపులు పనిచేయాలంటే తెరను ముందే తెరిచి ఉండాలి. ఇవన్నీ డాక్యుమెంటేషన్‌లో ఉన్నాయి, కానీ మొదటి పేజీలో పెద్దక్షరాలతో ఉండాల్సినవి లోపలెక్కడో ఉన్నాయి.

ఇంకో చిక్కు గీత గీసే ఫంక్షన్లది. రంగుతో పాటు ఆల్ఫా 100 ఇచ్చి తెర మీద నేరుగా వృత్తం గీస్తే అది పారదర్శకంగా రాదు, ముద్దగా వచ్చి కూర్చుంటుంది. గీసే ఫంక్షన్లు కలపవు, అంకెను ఉన్నదున్నట్టు రాసేస్తాయి. ఆల్ఫా ఉన్న ఖాళీ సర్ఫేస్ ఒకటి విడిగా చేసి, దాని మీద వృత్తం గీసి, ఆపైన దాన్ని తెర మీద బ్లిట్ చేయాలి. కారణం తెలిశాక సబబుగానే అనిపిస్తుంది, కానీ కొత్తవాళ్ల సాయంత్రాలను మింగేసేది ఇదే.

ఇక అంచుల దగ్గరికి వద్దాం, నా అసలు పట్టింపు అక్కడే. రాక్షసుల కోసం ఒక బొమ్మల వెబ్‌సైటులో డబ్బు పెట్టి పీఎన్‌జీల కట్ట కొన్నాను. పేరు చెప్పను, చెప్పదగ్గదీ కాదు. వాటిలో కొన్నింటికి ఆల్ఫానే లేదు. పారదర్శకతకు గుర్తుగా ఎడిటర్లు చూపించే బూడిద, తెలుపు గళ్లను బొమ్మలోనే అచ్చు వేసి అమ్మారు! మిగతావాటికి ఆల్ఫా ఉంది గానీ, చీకటి తెర మీద పెడితే చుట్టూ తెల్లటి దారం. తెల్లకాగితం మీద కత్తిరించినప్పుడు అంచు పిక్సెళ్లలో తెలుపు కలిసిపోయి ఉంటుంది. ఆల్ఫాను సగానికి తగ్గించారు, రంగులో కలిసిన తెలుపును తీయలేదు. కార్డు మీద అచ్చేస్తే ఎవరూ గమనించరు. దీపం వెలుగులో కదిలే బొమ్మకు మాత్రం అది పరువు తీసేస్తుంది.

ఆ దారానికి పైగేమ్ బాధ్యత లేదు. కానీ దీనికి చెల్లెలి వరస జబ్బు ఒకటి పైగేమ్‌లోనే ఉంది. పీఎన్‌జీలో ఆల్ఫా 0 ఉన్న పిక్సెల్‌కు కూడా ఒక రంగు అంకె ఉంటుంది, చాలాసార్లు అది నలుపు. బొమ్మను స్మూత్‌స్కేల్‌తో చిన్నది చేస్తే పక్కపక్క పిక్సెళ్ల సగటు తీస్తుంది. ఆ సగటులోకి కనిపించని నలుపు కూడా వచ్చి చేరి, అంచు చుట్టూ మసి కనిపిస్తుంది. మందు ఉంది: రంగు అంకెలను ముందే ఆల్ఫాతో గుణించి పెట్టుకోవడం. రెండో వెర్షన్ వచ్చాక కొంతకాలానికి దీనికోసం ప్రీమల్ ఆల్ఫా అనే ఫంక్షన్ చేర్చారు. ముందు గుణించి, తర్వాత స్కేల్ చేసి, ప్రీమల్టిప్లైడ్ అనే జెండాతో, అంటే బ్లిట్‌కు ఇచ్చే సూచనతో, అచ్చేస్తే అంచు కడిగినట్టు వస్తుంది. సగం పారదర్శకమైన పొర మీద మరో సగం పారదర్శకమైన పొర పేర్చాల్సి వచ్చినా ఇదే నమ్మదగిన దారి, మామూలు పద్ధతిలో రంగు కాస్త తప్పుతుంది. ఆ జెండా మరిచిపోతే మాత్రం రెండోసారి గుణింపు జరిగి బొమ్మ నల్లబడుతుంది. ఏ బొమ్మ గుణించినదో, ఏది కాదో ఫైలు పేరులోనే రాసుకోండి, పైగేమ్ మీకు గుర్తుచేయదు.

ఇప్పుడు మెచ్చుకోవాల్సిన చోటు. సర్ఫ్‌అర్రే అనే విభాగంలో పిక్సెల్స్ ఆల్ఫా అని ఒకటుంది. అంకెల పట్టికల లెక్కలు వేగంగా చేసే నమ్‌పై అనే పైథాన్ లైబ్రరీ ఇన్‌స్టాల్ చేసి ఉండాలి. ఇది బొమ్మలోని నాలుగో అంకెలన్నింటినీ ఒక పట్టికగా తెచ్చి ముందు పెడుతుంది. నకలు కాదు, అసలుదే. పట్టికలో అంకె మారిస్తే బొమ్మ మారుతుంది. ఇన్నేళ్లుగా బ్రష్ పట్టుకుని లేయర్ మాస్క్ మీద తడుముతూ చేసిన పని ఇక్కడ లెక్కగా చేయొచ్చు. మా మేనల్లుడు మొదట పెదవి విరిచాడు.

“మామయ్యా, ఫోటోషాప్‌లో ఒక్క క్లిక్కు కదా ఇది?”

“ఒక్క బొమ్మకు ఒక్క క్లిక్కే. సెకనుకు అరవై బొమ్మలకు ఎన్ని క్లిక్కులు రా?”

లంకాదహనం ఈ పట్టికతోనే చేశాను. రావణుడి మేడ బొమ్మ 900 పిక్సెళ్ల వెడల్పు, 600 ఎత్తు. అంటే 5,40,000 ఆల్ఫా అంకెలు. అదే కొలతలో యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక ఇంకొకటి ఒకేసారి తయారుచేసి పెట్టుకున్నాను. దానికి ఎత్తును బట్టి కొంత విలువ కలిపాను, మంట కింది నుంచి పైకి ఎక్కాలి కదా. ఆట నడుస్తుంటే ఒక గీటురాయి అంకె మెల్లగా పెరుగుతుంది. దానికంటే తక్కువ విలువ ఉన్న పిక్సెళ్ల ఆల్ఫా 0 అవుతుంది. గీటురాయికి కాస్త పైన ఉన్నవి నారింజ రంగులోకి మారతాయి, అదే నిప్పు అంచు. వట్టి యాదృచ్ఛిక సంఖ్యలు ఇస్తే మేడ ఇసుకలా రాలిపోతుంది, కాలినట్టుండదు. చిన్న పట్టికను తయారుచేసి మెత్తగా సాగదీసి పెద్దది చేస్తే మచ్చలు మచ్చలుగా, అచ్చం కాలుతున్న తోలులా ముడుచుకుంటూ పోతుంది. ఇదే పనిని పైథాన్ లూపుతో పిక్సెల్ పిక్సెల్‌కూ చేయబోతే కుదరదు. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు దక్కేది 16 మిల్లీసెకన్ల చిల్లర. ఐదు లక్షల చుట్ల లూపు అందులో ఇమడదు, నమ్‌పై లెక్క హాయిగా ఇముడుతుంది.

ఈ పట్టికకు రెండు పట్టింపులున్నాయి. అది చేతిలో ఉన్నంతసేపూ బొమ్మకు తాళం పడి ఉంటుంది. తాళం ఉండగా బ్లిట్ చేయబోతే పైగేమ్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. పని కాగానే పట్టికను డిలీట్ చేయాలి. ఒక ఫంక్షన్ లోపల పెట్టుకుంటే ఫంక్షన్ ముగియగానే దానంతటదే పోతుంది, నేను అదే సలహా ఇస్తాను. రెండోది, పట్టికలో మొదటి అంకె అడ్డం, రెండోది నిలువు. మిగతా బొమ్మల లైబ్రరీలు చాలావరకు దీనికి తలకిందులు. వేరే చోట తయారుచేసిన పట్టికను తెచ్చుకునేటప్పుడు అడ్డాన్నీ నిలువునూ మార్చుకోవాలి.

ఇంతవరకు వచ్చాక కూడా నా హనుమంతుడు తోలుబొమ్మలా లేడు. రంగు వేసిన ప్లాస్టిక్ షీటులా ఉన్నాడు. సాఫ్ట్‌వేర్ లోపం కాదిది, ఆల్ఫా స్వభావమే అంత. ఆల్ఫా చేసేది కప్పడం. దీపం ముందు తోలు చేసేది వడకట్టడం. అంకెల్లో చూడండి. దీపం పడిన తెర రంగు 255, 214, 150 అనుకుందాం. తోలు మీది ఎరుపు 200, 40, 30. ఆ ఎరుపుకు ఆల్ఫా 128 ఇచ్చి మామూలుగా బ్లిట్ చేస్తే వచ్చేది 227, 127, 90. అంటే ఎండకు వెలిసిపోయిన నారింజ. అదే రెండు రంగులనూ గుణించి 255తో భాగిస్తే 200, 34, 18. నిండుగా, లోపలి నుంచి వెలుగుతున్న ఎరుపు. నిమ్మలకుంటలో చూసింది ఈ ఎరుపే. పేజీ డిజైన్ చేసే మా వాళ్లకు మల్టిప్లై లేయర్ కొత్తేమీ కాదు. పైగేమ్‌లో బ్లిట్‌కు ఆర్‌జీబీ మల్ట్ అనే జెండా ఇస్తే అదే జరుగుతుంది.

అయితే ఆ జెండా నాలుగో అంకెను చూడదు. రంధ్రంలో, బొమ్మ చుట్టూ ఉన్న పారదర్శక పిక్సెళ్ల రంగు నలుపైతే, నలుపుతో గుణించి తెరను నల్లగా చేసేస్తుంది. ఇక్కడ ఒక చిన్న ఉపాయం ఉంది, ఈ సమీక్ష మొత్తంలో మీరు పట్టుకెళ్లాల్సింది ఇదే. ముందు తెల్లటి సర్ఫేస్ తీసుకోండి. దాని మీద బొమ్మను మామూలు ఆల్ఫాతో బ్లిట్ చేయండి. రంధ్రాలు తెల్లగా మిగులుతాయి, పలచని చోట్లు తెలుపు వైపు మొగ్గుతాయి, మందపు చోట్లు నిండు రంగుతో ఉంటాయి. ఇప్పుడు ఆ తెల్ల సర్ఫేస్‌ను దీపం తెర మీద మల్ట్ జెండాతో అచ్చేయండి. తెలుపుతో గుణిస్తే ఏమీ మారదు కాబట్టి రంధ్రాల్లోంచి దీపం నేరుగా కనిపిస్తుంది. ఈ అమరికలో ఆల్ఫా అంకె తోలు మందమైపోతుంది. హనుమంతుడి ముఖానికి 110, కిరీటానికి 200, గీతలకు 255 ఇచ్చుకున్నాను. వాటిని పిక్సెల్స్ ఆల్ఫా పట్టికతో సవరిస్తూ పోతే గీకిన తోలు ఎలా ఉంటుందో అలా పలికింది.

రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడినప్పుడు ఈ పద్ధతి విలువ బాగా తెలుస్తుంది. మామూలు ఆల్ఫాలో పైనున్నది కిందిదాన్ని కప్పుతుంది, వరస మారిస్తే రంగు మారుతుంది. గుణింపులో వరస ఏదైనా ఒకటే. ఎర్ర పంచె మీద ఆకుపచ్చ చేయి పడినచోట దాదాపు నలుపు వస్తుంది. అసలు ఆటలోనూ అంతే, తెర వెనక రెండు తోళ్లను దాటి రావాల్సిన వెలుగు కదా. భుజం దగ్గర, మోకాలి దగ్గర అతుకులు ముదురుగా కనిపించడం కూడా అలాగే దానంతటదే కుదిరింది. అందుకోసం కాళ్లను, చేతులను విడివిడి సర్ఫేస్‌లుగా ఉంచాలి. తిప్పడానికి మామూలు రొటేట్ కంటే రోటోజూమ్ మేలు, అంచులు మెత్తగా వస్తాయి. ఒకసారి తిప్పినదాన్ని మళ్లీ తిప్పకండి, ప్రతిసారీ అసలు బొమ్మ నుంచే మొదలుపెట్టండి. తిప్పడమంతా తెల్ల సర్ఫేస్ మీదికి ఎక్కించకముందే జరగాలి, లేకపోతే మూలల్లో ఖాళీలు వస్తాయి.

బాణం తగిలిందా లేదా తేల్చడానికి మాస్క్ అనే సదుపాయం ఉంది. ఇది కూడా పిక్సెల్ ఆల్ఫా మీదే ఆధారపడుతుంది. ఆల్ఫా 127 దాటిన పిక్సెల్‌ను ఒళ్లు అనుకుంటుంది, మిగతాదాన్ని గాలి అనుకుంటుంది. చాలా చురుకుగా పనిచేస్తుంది, బొమ్మ చుట్టూ పెట్టె గీసి సరిపెట్టుకోవాల్సిన పని లేదు. కానీ ముఖానికి 110 ఇచ్చిన నా హనుమంతుడికి ఆ లెక్కలో ముఖమే ఉండదు, బాణాలు ముక్కులోంచి దూసుకుపోతాయి. ఆ 127ను మార్చుకోవచ్చు, నేను 20 పెట్టాను. నగల రంధ్రాల్లోంచి కూడా బాణం దూరకూడదనుకుంటే రంధ్రాలు పూడ్చిన నిండు నీడబొమ్మను విడిగా ఉంచుకుని, మాస్క్ దాని నుంచి తీయడం ఉత్తమం.

తెరకు దూరంగా జరిపిన బొమ్మ మసకబారాలి. దీనికి మూల పైగేమ్‌లో నేరుగా మందు లేదు, చిన్నది చేసి మళ్లీ పెద్దది చేసే కిటుకు వాడాలి. 2023లో విడిపోయిన పైగేమ్ సీఈ అనే శాఖలో బాక్స్ బ్లర్, గాసియన్ బ్లర్ ఉన్నాయి. నేను చివరకు దానికే మారాను, రాసిన కోడ్ మార్చకుండానే నడిచింది.

వేగం సంగతి నిష్ఠూరంగానే చెప్పాలి. పైగేమ్ సర్ఫేస్‌ల పని మొత్తం ప్రాసెసర్ మీద పడుతుంది, గ్రాఫిక్స్ కార్డు ఉన్నా దాన్ని ముట్టుకోదు. తెర 1280 × 720 అనుకుంటే 9,21,600 పిక్సెళ్లు. తెరంతా పరిచే ఒక్క గుణింపు పొరకే సెకనుకు ఐదున్నర కోట్ల పిక్సెళ్ల లెక్క. అలాంటివి రెండు మూడు పెడితే నా ల్యాప్‌టాప్ ఫ్యాను ఊళ వేస్తుంది. అందుకని తెల్ల సర్ఫేస్‌ను తెరంత కాకుండా బొమ్మంత కొలతకే కత్తిరించాను, కదలని బొమ్మలను ముందే తయారుచేసి దాచుకున్నాను. దీపం మినుకుమినుకుమనడం కోసం తెరంతా మార్చకుండా, కొద్దిపాటి తేడాలున్న దీపం బొమ్మలను వరసగా మారుస్తున్నాను. ఇలా సర్దుకుంటే ఆడుకోవడానికి సరిపోతుంది. సర్దుకునే ఓపిక లేనివారికి గోడో అనే ఆటల ఇంజిన్ ఉంది. అదీ ఉచితమే, గ్రాఫిక్స్ కార్డును వాడుకుంటుంది, మల్టిప్లై కలయిక మెటీరియల్‌లో ఒక ఎంపికగా దొరుకుతుంది. బొమ్మను దిగుమతి చేసేటప్పుడే అంచుల మసిని సరిచేసే ఫిక్స్ ఆల్ఫా బార్డర్ అనే మీట కూడా ఉంది. నిజం చెప్పాలంటే ఆ ఒక్క మీట చూసి నాకు కాస్త కడుపు మండింది. లువా భాషలో రాసే లవ్ అనే ఫ్రేమ్‌వర్క్‌లో కూడా గుణింపు ఉంది, కానీ బొమ్మ ముందే ఆల్ఫాతో గుణించి ఉండాలని అది పట్టుబడుతుంది.

అయినా నేను పైగేమ్‌తోనే ఉన్నాను. గోడోలో షేడర్, అంటే గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రాం, రాయకుండా ఒక్కో పిక్సెల్ అంకెను ముట్టుకోవడం సులువు కాదు. ఇక్కడ పట్టిక తెరిస్తే అంకె కళ్లెదురుగా ఉంటుంది. ఎందుకు మసి వచ్చింది, ఎందుకు వెలిసింది అని అడిగితే ఆ పిక్సెల్ దగ్గరికే వెళ్లి చూడొచ్చు. కటింగ్ పని చేసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? అంకె రెట్టింపైతే తెర వెలుగు రెట్టింపు కాదు; రంగులు కలిపేటప్పుడు ఆ వక్రతను లెక్కలోకి తీసుకోకపోవడం ఒక లోటు, సగం ఆల్ఫా చోట్లు ఉండాల్సిన దానికంటే కాస్త ముదురుగా వస్తాయి. తోలుబొమ్మకు అది కలిసొచ్చిందే తప్ప చెడలేదు. ఎండలో గాజు బొమ్మలు చూపించాలనుకునేవారికి మాత్రం ఇబ్బందే.

తెలుగు అక్షరాల గురించి ఒక మాట. ఒత్తులు, గుణింతాలు సరిగా కూర్చుకోవాలంటే ఆ సాయం ఉన్న ఫాంట్ లైబ్రరీతో కట్టిన పైగేమ్ కావాలి, లేకపోతే అక్షరాలు విడివిడిగా చెల్లాచెదురవుతాయి. నేను కేతిగాడి మాటలన్నీ మా డీటీపీ సాఫ్ట్‌వేర్‌లోనే కూర్చి, ఆల్ఫా ఉన్న పీఎన్‌జీలుగా తెచ్చుకున్నాను. కేతిగాడు మాట్లాడినప్పుడు అక్షరాలు కూడా దీపానికి ఎరుపెక్కుతాయి. ఫాంటుతో రాసి ఉంటే ఆ పని మళ్లీ వేరే చేసుకోవాల్సి వచ్చేది.

ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటి గీసే ఫంక్షన్ల మెలికకూ, స్మూత్‌స్కేల్ మసికీ. ఫోనులో ఆడే ఆట చేయాలనుకునేవారు, తెరంతా పొగమంచు, వాన పరచాలనుకునేవారు దీని జోలికి రావద్దు. పారదర్శకత లోపల ఏం జరుగుతుందో చేత్తో ముట్టుకుని నేర్చుకోవాలనుకునే విద్యార్థులకు, ఫోటోషాప్ లేయర్లు తెలిసి కోడ్ వైపు వస్తున్న మా వృత్తివాళ్లకు ఇదే తగినది. కొత్తగా మొదలుపెట్టేవారు సీఈ శాఖనే వేసుకోండి. ఒకవేళ మీ కంప్యూటర్‌లో పాత పైగేమ్ ఉంటే ముందు దాన్ని తీసేయండి. రెండూ కోడ్‌లో పైగేమ్ అనే పేరుకే పలుకుతాయి, పక్కపక్కన ఉంచితే ఏది నడుస్తోందో తెలియక తలపట్టుకుంటారు.